మూడో ఫలితం

లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ నోటిఫికేషన్ పడిన వారంలో నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. చాలావరకు పాత ల్యాబ్ వాళ్లే. "మేడమ్, మీరు లా చేస్తున్నారంట కదా, మా వయసులో సీటిస్తారా?" అని మొదలుపెడతారు. ఇస్తారండీ. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఏ డిగ్రీ అయినా సరే. జనరల్ వాళ్లకి డిగ్రీలో 45 శాతం, ఓబీసీలకి 42, ఎస్సీ, ఎస్టీలకి 40 శాతం మార్కులుంటే చాలు. లాసెట్‌కి గరిష్ఠ వయసు అంటూ లేదు. పేపరు 90 నిమిషాలు, 120 ప్రశ్నలు. సగం లా ఆప్టిట్యూడ్, మిగతా సగం జీకే, మెంటల్ ఎబిలిటీ, కరెంట్ అఫైర్స్. నెగెటివ్ మార్కులు లేవు. రోజూ పేపరు చదివే అలవాటున్న మనిషికి అదేం పెద్ద గండం కాదు.

నేను తడబడేది రెండో ప్రశ్న దగ్గర. "కెమిస్ట్రీ బుర్రకి లా ఎక్కుతుందా మేడమ్?" దీనికి ఫోన్లో చెప్పేంత చిన్న జవాబు నా దగ్గర లేదు. ఆఖరి సంవత్సరంలోకి వచ్చాను కాబట్టి కాస్త తీరిగ్గా ఇక్కడ చెబుతాను.

నాది ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ. తర్వాత ఏళ్ల తరబడి మందుల కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్. ట్యాబ్లెట్‌లో ఉండాల్సిన మందు ఉందా, ఉండాల్సినంత ఉందా, ఉండకూడనిది ఏమైనా చేరిందా అని హెచ్‌పిఎల్‌సి అనే, మందులోని పదార్థాలని విడగొట్టి కొలిచే యంత్రం మీద పరీక్ష చేసి సంతకం పెట్టడం మా పని. ఫలితం హద్దు దాటితే దాన్ని ఓఓఎస్ అంటాం, అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్. ఓఓఎస్ వచ్చిన రోజు ఇంటికి ఎప్పుడు చేరతామో చెప్పలేం. "ఇంకో ట్యాబ్లెట్ తీసి మళ్లీ చేసేద్దాం మేడమ్" అని కొత్తగా చేరిన ప్రతి పిల్లాడూ అంటాడు. కుదరదు. ముందు ఇన్వెస్టిగేషన్. తూకం సరిగ్గా వేశారా, స్టాండర్డ్ ఎవరు తయారుచేశారు, డైల్యూషన్ ఎక్కడైనా తప్పిందా, కాలమ్ పాడైందా, అన్నీ చూడాలి. ల్యాబ్‌లో పొరపాటు జరిగిందని తేలితేనే మొదటి ఫలితాన్ని పక్కన పెట్టాలి. ఎందుకలా అంటే, ట్రైనింగ్ స్లైడ్‌లో ఒక ముక్క ఉండేది: "బార్ డెసిషన్, 1993". అందరం దాన్ని బట్టీ పట్టాం. అదేమిటని అడిగినవాళ్లూ లేరు, చెప్పినవాళ్లూ లేరు.

ఒక ఆడిట్‌కి ముందు ఎందుకో దాన్ని వెతికి చదివాను. అదొక కోర్టు తీర్పు. బార్ లేబొరేటరీస్ అనే కంపెనీ మీద అమెరికా ప్రభుత్వం వేసిన కేసు. న్యూజెర్సీలోని ఫెడరల్ కోర్టు జడ్జి ఆల్ఫ్రెడ్ వోలిన్ రాశాడు. ఫెయిలైన బ్యాచ్‌ని పాసయ్యేదాకా పరీక్షిస్తూ పోవడం చెల్లదన్నది అందులో సారాంశం. ఆయన కెమిస్టు కాదు. రెండు పక్షాల నిపుణులు చెప్పింది విని, రీటెస్ట్ (అదే శాంపిల్‌ని మళ్లీ పరీక్షించడం) ఎప్పుడు చెయ్యొచ్చో, రీశాంప్లింగ్ (కొత్త శాంపిల్ తీయడం) ఎప్పుడు కూడదో, సగటు తీసి తప్పుడు ఫలితాన్ని దాచడం ఎందుకు తప్పో ఒక్కొక్కటే తేల్చాడు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ల ఓఓఎస్ గైడెన్స్ 2006లో ఖరారైంది, దాని వెనక ఉన్నది ఈ తీర్పే. నేను గ్లవ్స్ వేసుకుని రోజూ చేసే పని ఎక్కడో ఒక జడ్జి రాసిన పేరాల మీద నిలబడి ఉందన్నమాట. లా చదవాలనిపించింది అప్పుడే. సమాజాన్ని మార్చడం, నల్లకోటు మోజు లాంటి గొప్ప కారణాలు నాకేమీ లేవు. ఆ పేరాలు రాసేటప్పుడు మనిషి ఎలా ఆలోచిస్తాడో తెలుసుకోవాలనిపించింది, అంతే.

ఇంట్లో చెబితే మా అమ్మ, "పిల్లల్ని చదివించుకునే వయసులో నువ్వు పుస్తకాలు పట్టుకోవడమేంటే" అంది. మావారు మాత్రం, "ఫీజు సంగతి చూద్దాం, అటెండెన్స్ సంగతేంటి?" అన్నారు. అసలు ప్రశ్న ఆయనదే.

ఉద్యోగం చేసుకుంటూ ఎల్‌ఎల్‌బీ చేద్దామనుకునేవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీతో లాయరుగా ఎన్‌రోల్ కాలేరు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం హాజరుండాలి, తగిన కారణం ఉంటే 65 దాకా సడలింపు. క్లాసులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 మధ్యలోనే జరగాలి, కాబట్టి ఆఫీసు అయ్యాక రాత్రి తొమ్మిదింటిదాకా నడిచే కాలేజీ అనేది కాగితం మీద ఉండదు. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఇంకో సర్క్యులర్ ఇచ్చింది: ఉద్యోగం చేస్తున్న విద్యార్థి ఆ సంగతి చెప్పాలి, యజమాని దగ్గర నిరభ్యంతర పత్రం తేవాలి. "మీరు పరీక్షలకి వస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అని నాకూ ఒక కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. ఏళ్లపాటు "లాగ్‌బుక్‌లో రాయనిది జరగనట్టే" అని పిల్లలకి నూరిపోసిన దాన్ని, హాజరు పట్టీలో లేని రోజులకి నా పేరు పక్కన టిక్కు పెట్టించుకుని చదవమంటే నా వల్ల కాలేదు. ఉద్యోగం మానేశాను. ఇంటి నుంచి డాక్యుమెంట్ రివ్యూ పనులు చేసి ఇస్తుంటాను. జీతం బాగా తగ్గింది. అందరికీ ఈ వెసులుబాటు ఉండదని తెలుసు. అందుకే కెరీర్ మధ్యలో ఉన్నవాళ్లకి "ధైర్యంగా చేరిపో" అని తేలిగ్గా చెప్పను.

క్లాసు సంగతి మాత్రం వేరు. నా మొదటి డిగ్రీలో అందరం ఒకే ఈడు వాళ్లం, అందరికీ ఒకే భయాలు. ఇక్కడ నా బెంచిలో ఒక పక్క బీకాం అయిన వెంటనే వచ్చిన అమ్మాయి, ఇంకో పక్క రిటైరైన తహసీల్దారు గారు, వెనక సెలవు పెట్టుకుని చదువుతున్న హెడ్ కానిస్టేబుల్. ఆ అమ్మాయి మొదట్లో నన్ను "ఆంటీ" అనేది. మూట్ కోర్టులో, అంటే విద్యార్థుల నమూనా కోర్టులో, ఒకే పక్షాన వాదించాక "అక్కా"లోకి దింపింది. తహసీల్దారు గారు ఆస్తి బదిలీ చట్టం క్లాసులో లెక్చరర్ కంటే ముందు నిట్టూరుస్తారు. ఆ సెక్షన్ల మీద తగాదాలన్నీ ఆయన టేబుల్ మీదికి వచ్చినవే. ఐదేళ్ల కోర్సు పిల్లలు మాకంటే చురుగ్గా చదువుతారు, కేసుల పేర్లు గడగడా చెబుతారు. మా క్లాసులో మాత్రం ఏ సెక్షన్ తీసినా అది ఎవరో ఒకరి మీదుగా పోయి ఉంటుంది. రెండో డిగ్రీగా లా చదవడంలో నాకు బాగా నచ్చింది ఇదే.

మొదటి సెమిస్టర్‌లో కాంట్రాక్ట్స్. ప్రపంచంలో లా చదివే ప్రతివాడికీ మొదట తగిలే కేసు కార్లిల్ వర్సెస్ కార్బాలిక్ స్మోక్ బాల్ కంపెనీ, 1893. "మా స్మోక్ బాల్‌ని రోజుకి మూడుసార్లు, రెండు వారాలు చెప్పినట్టు వాడి కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తాం, మా చిత్తశుద్ధికి గుర్తుగా 1,000 పౌండ్లు బ్యాంకులో వేశాం" అని కంపెనీ ప్రకటన ఇచ్చింది. కార్లిల్ గారు వాడింది, జబ్బు వచ్చింది, డబ్బు అడిగింది. ప్రకటన అందరికీ ఇచ్చిన ఆఫరా, ఉత్త గొప్పలా అన్నది ప్రశ్న. కోర్టు ఆఫరే అంది. క్లాసంతా ఆఫర్, యాక్సెప్టెన్స్ అని రాసుకుంటుంటే నేను వేరే చోట ఇరుక్కున్నాను. కార్బాలిక్ ఆసిడ్ అంటే ఫినాల్. ఫినాల్‌ని ముక్కులోకి, రోజుకి మూడుసార్లు! మా ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్ లేకుండా ఆ సీసా మూత తియ్యనివ్వం. ఆవిడ బతికి బట్ట కట్టినందుకు ఇంకో వంద పౌండ్లు ఇవ్వాలి అన్నాను. లెక్చరర్ నవ్వి, "అమ్మా, అది మన ఇష్యూ కాదు" అన్నారు.

ఆ "మన ఇష్యూ కాదు" అన్న మాట మొదటి ఏడాదంతా నన్ను వెంటాడింది.

డోనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్ మరీను. 1928లో స్కాట్లాండ్‌లోని పెయిస్లీ ఊళ్లో ఒకావిడ కేఫ్‌లో జింజర్ బీర్ తాగింది. స్నేహితురాలు కొనిపెట్టింది. లోపల ఏముందో కనపడని ముదురు సీసా. మిగిలింది గ్లాసులోకి వంపుతుంటే కుళ్లిన నత్త బయటపడిందని ఆమె ఆరోపణ. కొన్నది ఆమె కాదు కాబట్టి కాంట్రాక్టు లేదు, మరి తయారీదారుకి బాధ్యత ఉందా? 1932లో అప్పటి బ్రిటన్ అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ ముగ్గురికి ఇద్దరు తేడాతో ఉందని చెప్పింది. ఇవాళ నిర్లక్ష్యం మీద ఉన్న చట్టమంతా ఆ పునాది మీద కట్టిందే. నా ప్రశ్న ఏమై ఉంటుందో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది: ఆ నత్తని ఎవరు పరీక్షించారు? ఎవరూ లేదు. హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది "ఆమె చెప్పినవి నిజమనుకుంటే బాధ్యత ఉందా" అన్నంత వరకే. వాస్తవాల మీద విచారణ జరగక ముందే స్టీవెన్సన్ చనిపోయాడు, కేసు రాజీ అయింది. సీసాలో నత్త ఉందో లేదో ఏ కోర్టూ తేల్చలేదు! శాంపిల్ లేదు, రిపోర్టు లేదు, అయినా తీర్పు ఉంది, ఆ తీర్పు మీద దాదాపు వందేళ్ల చట్టం ఉంది. నాకు రెండు రోజులు అదోలా ఉంది. ఇదేం శాస్త్రం అనుకున్నాను.

తర్వాత ఎవిడెన్స్ మొదలైంది.

1872 నాటి సాక్ష్య చట్టం మూడో సెక్షన్‌లో మూడు నిర్వచనాలు వరసగా ఉంటాయి: రుజువైంది, తప్పని రుజువైంది, రుజువు కాలేదు. ఇప్పుడా చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. అందులో నిర్వచనాలన్నింటినీ ఇంగ్లీషు అక్షరక్రమంలో పెట్టేసరికి ఈ ముగ్గురన్నదమ్ములూ విడిపోయారు. నాకైతే పాత వరసే బాగుంది. ఎందుకంటే ఆ మూడింటినీ పక్కపక్కన చూసినప్పుడే నాకు లా తలకెక్కింది. మా ల్యాబ్‌లోనూ మూడు ఫలితాలున్నాయి: పాస్, ఫెయిల్, ఏదీ తేలలేదు. మొదటి రెండూ రెండు చోట్లా ఒకటే. తేడా అంతా మూడోదాని దగ్గరే. ల్యాబ్‌లో తేలకపోతే ఏం చేస్తాం? ఇంకో మెథడ్ చూస్తాం, అదే బ్యాచ్ నుంచి ముందే దాచి ఉంచిన రిటెన్షన్ శాంపిల్ తీస్తాం, బ్యాచ్‌ని క్వారంటైన్‌లో పెట్టి కూర్చుంటాం. తేలేదాకా ఆగడం మా హక్కు. కోర్టుకి ఆ హక్కు లేదు. ఆ రాత్రి ఏం జరిగిందో మళ్లీ జరిపించి చూడలేరు. సాక్షి జ్ఞాపకానికి రిటెన్షన్ శాంపిల్ లేదు. అయినా వాది, ప్రతివాది ఇద్దరూ ఎదురుగా నిలబడి ఉన్నారు, ఏదో ఒకటి చెప్పి పంపాలి.

అందుకని చట్టం ఒక పని చేసింది. తేలకపోతే ఎవరు ఓడిపోవాలో ముందే రాసిపెట్టింది. అదే రుజువు భారం, బర్డెన్ ఆఫ్ ప్రూఫ్. క్రిమినల్ కేసులో తేలకపోతే ప్రాసిక్యూషన్ ఓడిపోతుంది. సివిల్‌లో ఏ వాస్తవాన్ని ఎవరు చెబుతున్నారో, అది తేలకపోతే వాళ్లు ఓడిపోతారు. క్రిమినల్‌లో సహేతుకమైన సందేహం మిగలకూడదు, సివిల్‌లో ఏది ఎక్కువ సంభావ్యమో అటు మొగ్గితే చాలు. అంటే ఒకే దెబ్బలాట మీద క్రిమినల్ కోర్టు ఒకడిని వదిలేసి, సివిల్ కోర్టు అదే మనిషి చేత నష్టపరిహారం కట్టించవచ్చు. రెండూ తప్పు కాదు. మా భాషలో చెప్పాలంటే ఒకే శాంపిల్‌కి రెండు లిమిట్లు.

"కేసు కొట్టేశారు, అంటే వాడు మంచోడే" అని టీవీలో అంటుంటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. కొట్టేసిన కేసుల్లో అబద్ధమని తేలినవి ఎన్ని, రుజువు కాక పోయినవి ఎన్ని? రెండోదాన్ని మొదటిదిగా చదివేవాళ్లకి ఓఓఎస్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు ఒకటి చేతికివ్వాలి.

సాక్ష్య చట్టం చదివే తెలుగు విద్యార్థులందరూ కాస్త నిటారుగా కూర్చునే కేసు ఒకటుంది. పాకాల నారాయణస్వామి వర్సెస్ ఎంపరర్, 1939, అప్పట్లో మన కేసులకి చివరి అప్పీలు కోర్టు అయిన ప్రీవీ కౌన్సిల్. పిఠాపురం దివాను దగ్గర పనిచేసే ఒక బంట్రోతు, 1937 మార్చిలో, తర్వాత ఈ కేసులో నిందితుడైన నారాయణస్వామి భార్య దగ్గర నుంచి ఉత్తరం వచ్చిందనీ, తనకు రావాల్సిన డబ్బు కోసం బరంపురం వెళ్తున్నాననీ తన భార్యకి చెప్పి బయల్దేరాడు. కొద్ది రోజులకి పూరీ స్టేషన్‌లో, రైలు మూడో తరగతి పెట్టెలో దొరికిన ఉక్కు ట్రంకులో అతని శవం ముక్కలుగా ఉంది. చనిపోక ముందు భార్యతో అన్న ఆ మాట సాక్ష్యంగా పనికొస్తుందా? అప్పటికి అతనికి చావు భయమేమీ లేదు కదా? పనికొస్తుంది, చావుకి దారితీసిన పరిస్థితుల్లో అదీ ఒకటి, అంది ప్రీవీ కౌన్సిల్. అలాగే పోలీసులకి నిందితుడు ఇచ్చిన వాంగ్మూలాన్ని మాత్రం లోపలికి రానివ్వలేదు. అది తీసేసినా మిగతా సాక్ష్యం చాలంటూ అప్పీలు కొట్టేశారు. తీర్పు రాసింది లార్డ్ ఆట్కిన్. ఆ నత్త కేసులో పొరుగువాడి సూత్రం, అంటే మన పని వల్ల దెబ్బతినేవాళ్ల పట్ల జాగ్రత్తగా ఉండాలన్న సూత్రం, చెప్పిన ఆట్కినే ఈయన. లండన్‌లో కూర్చుని ఒకచోట పెయిస్లీ సీసా, ఇంకోచోట పూరీ ట్రంకు. రెంటిలోనూ ఆయన చేసింది ఒకటే: నా ముందున్నది ఏమిటి, దాన్ని ఎంతవరకు లెక్కలోకి తీసుకోవచ్చు. "మన ఇష్యూ కాదు" అన్న మాట కోపం తెప్పించడం మానేసింది అక్కడి నుంచే.

పోలీసుల ముందు ఒప్పుకోలు ఎందుకు చెల్లదో లెక్చరర్ కంటే మా హెడ్ కానిస్టేబుల్ గారు బాగా చెబుతారు. ఎలా చెబుతారో ఇక్కడ రాయను, ఆయన ఇంకా సర్వీసులో ఉన్నారు.

మొదటి డిగ్రీ పనికొచ్చే చోట్లు కొన్ని మనం ఊహించనివి. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ యాక్ట్, 1940 చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు సొంత వీధిలోకి వచ్చినట్టయింది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ శాంపిల్‌ని ముక్కలు చేసి సీలు వేస్తాడు, ఒకటి ప్రభుత్వ అనలిస్టుకి పోతుంది. 25వ సెక్షన్ ప్రకారం ఆ రిపోర్టు అందిన 28 రోజుల్లో "నేను దీన్ని సవాలు చేస్తాను" అని రాతపూర్వకంగా చెప్పకపోతే రిపోర్టు తిరుగులేని సాక్ష్యం అయిపోతుంది. చెబితే, కోర్టు తన దగ్గరున్న శాంపిల్‌ని సెంట్రల్ డ్రగ్స్ లేబొరేటరీకి పంపించవచ్చు. ఆ రిపోర్టుదే చివరి మాట. ఆ 28 రోజులు కవరు తెరవకుండా బల్ల మీద పెట్టుకున్నవాడి గతి ఏమిటో ఊహించుకోండి. మరి శాంపిల్ పంపేలోపే దాని ఎక్స్‌పైరీ దాటిపోతే? ఇలాంటి ప్రశ్నకి సుప్రీంకోర్టు ఆహార కల్తీ చట్టం కింద 1966లోనే జవాబు చెప్పింది, మునిసిపల్ కార్పొరేషన్ ఆఫ్ ఢిల్లీ వర్సెస్ ఘీసా రామ్. అక్కడ శాంపిల్ పెరుగు. కేసు ఆలస్యంగా పెట్టారు, పెరుగు కుళ్లిపోయింది, సెంట్రల్ ల్యాబ్‌లో పరీక్షించడానికి ఏమీ మిగల్లేదు. నిందితుడి హక్కు ప్రాసిక్యూషన్ ఆలస్యం వల్లే పోయింది కాబట్టి శిక్ష నిలబడదన్నారు. క్లాసులో అందరూ హక్కు గురించి రాసుకున్నారు. నేను మార్జిన్‌లో "స్టెబిలిటీ స్టడీ" అని రాసుకున్నాను. శాంపిల్ ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పగలిగినవాళ్లు వకీళ్లలో ఎంతమంది ఉంటారు?

మూడేళ్ల కోర్సులో పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్, మూడు మూట్ కోర్టులు, ఒక సివిల్, ఒక క్రిమినల్ విచారణ చూసి డైరీ రాయడం తప్పనిసరి. చాలామంది ఆ డైరీని సీనియర్ల దగ్గర కాపీ కొడతారు. కొట్టకండి. నేను చూసిన సివిల్ కేసు ప్రోనోటు దావా. సంతకం నాది కాదన్నాడు ప్రతివాది. అది అతనిదే అని వాది నిరూపించేదాకా ఒక లెక్క, నిరూపించాక ఇంకో లెక్క. ఆపైన డబ్బు ముట్టే రాసిచ్చాడని చట్టమే అనుకుంటుంది, ముట్టలేదని చెప్పాల్సిన భారం అవతలి పక్షానికి పోతుంది. నోటు రాసినాయన, సాక్షి సంతకం పెట్టినాయన ఇద్దరూ బోనెక్కారు. ఇద్దరినీ క్రాస్‌లో అడిగిన ప్రశ్నలు పెన్ను రంగు గురించే. పుస్తకంలో ఒక్క పేరా ఉన్న విషయం అక్కడ నా కళ్ల ముందు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి కదలడం చూశాను.

క్రిమినల్ కేసు గంజాయిది. నేను ఎదురుచూసింది కెమిస్టు సాక్ష్యం కోసం. ఆయన రాలేదు. ప్రభుత్వ ప్రయోగశాల రిపోర్టుని నిపుణుడిని పిలవకుండానే సాక్ష్యంగా తీసుకోవడానికి చట్టం వీలిచ్చింది, కావాలంటే కోర్టు పిలిపించుకోవచ్చు. రిపోర్టు ఒక్క పేజీ. ఏ పరీక్షలు చేశారో ఒక వాక్యం, ఫలితం ఇంకో వాక్యం. మార్కు చేసుకున్నారు, ముందుకు పోయారు. డిఫెన్స్ లాయర్ సీళ్ల గురించి అరగంట అడిగాడు, పరీక్ష గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. గంజాయి పట్టుకున్నప్పుడు సాక్షులుగా సంతకం పెట్టిన మధ్యవర్తులు ఇద్దరూ "మాకేం తెలీదు, స్టేషన్‌లో సంతకం పెట్టమంటే పెట్టాం" అనేశారు. నాకు ఆ పేజీ వెనకున్న వర్క్‌షీటు చూడాలనిపించింది. నేను లాయర్నై అక్కడ నిలబడి ఉంటే మొదట అడిగేది అదే.

చదువు పద్ధతి గురించి ఒకటి రెండు మాటలు. మేం చేరాక, 2024 జులై 1న, కొత్త క్రిమినల్ చట్టాలు మూడూ అమల్లోకి వచ్చాయి. హత్యకి 302 పోయి 103 అయింది, మోసానికి 420 పోయి 318లోకి చేరింది. అంతకు ముందు జరిగిన నేరాలకి పాత ఐపీసీయే వర్తిస్తుంది, పాత తీర్పుల్లో అన్నీ పాత నంబర్లే. కాబట్టి రెండూ రావాలి, గొణుక్కుని లాభం లేదు. గైడ్లు కొనేముందు బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానాలు లేని చట్టం మూలం, కొనండి. మనలాంటివాళ్లకి పిల్లల్లా బట్టీ పట్టే శక్తి తగ్గిపోయి ఉంటుంది, కానీ ఒక సెక్షన్‌ని ల్యాబ్‌లో పని ఎలా చెయ్యాలో చెప్పే ఎస్‌ఓపీ చదివినట్టు చదవడం వచ్చు: ఎవరికి వర్తిస్తుంది, ఎప్పుడు, ఏ షరతు మీద, మినహాయింపు ఎక్కడ. ప్రొవిజో, అంటే సెక్షన్ చివర "అయితే" అంటూ షరతు పెట్టే ముక్క, చదవకుండా సెక్షన్ చదివానని చెప్పకండి. పరీక్షలో పేజీలు నింపితే మార్కులొస్తాయన్న పుకారులో నిజం ఎంతో కొంత ఉంది, దాని మీద నాకు గౌరవం లేదు.

ఇక ముందేమిటి అని అడుగుతారు. జడ్జి పరీక్షలకి నా వయసు దాటిపోయింది. వయసున్న పిల్లలకి కూడా 2025 మే 20న సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది, మా బెంచి అమ్మాయి ఆ రోజు క్లాసులో ఎవరితోనూ మాట్లాడలేదు. ఎన్‌రోల్‌మెంట్ ఖర్చు గురించి మాత్రం భయపడక్కర్లేదు. 2024 జులైలో వచ్చిన తీర్పుతో అడ్వకేట్స్ చట్టంలో ఉన్న 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకైతే 125, దానికి మించి బార్ కౌన్సిళ్లు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు కింద వసూలు చెయ్యకూడదు, స్టాంపు డ్యూటీ వేరు. తర్వాత ఆలిండియా బార్ ఎగ్జామ్. బేర్ యాక్ట్‌లు లోపలికి తీసుకెళ్లవచ్చు, నోట్సు రాసి ఉండకూడదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: నెల జీతం మీద పూర్తికాలం ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు చెయ్యడం కుదరదు, బార్ కౌన్సిల్ నిబంధనల్లో 49వది చూడండి. కంపెనీ రెగ్యులేటరీ విభాగంలో లా డిగ్రీతో మంచి ఉద్యోగాలే ఉన్నాయి, అటు వెళ్లేవాళ్లు అటు వెళ్లవచ్చు. నేను కోర్టుకే వెళ్తున్నాను.

మందులు, ఆహార కల్తీ కేసులు ఎక్కువగా చేసే ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా చేరతానని అడిగాను. నా అనుభవమంతా చెప్పాను, ఓఓఎస్, హెచ్‌పిఎల్‌సి, ఎఫ్‌డీఏ ఆడిట్లు, అన్నీ. ఆయన ఓపిగ్గా విని, "అంతా బాగుందమ్మా. తెలుగు టైపింగ్ వచ్చా?" అన్నారు. రాదు. పోయిన సోమవారం నుంచి నేర్చుకుంటున్నాను.